కాలేయంలో కొవ్వు – ఒక తెలుగు శాస్త్రజ్ఞుడు నేర్పిన లెక్క

కార్జం అనగానే మనలో చాలామందికి ఆదివారం నాటి మటన్ కూరే గుర్తుకు వస్తుంది. అదే కార్జం మన కడుపులో కుడివైపున, పక్కటెముకల చాటున, సుమారు ఒకటిన్నర కిలోల బరువుతో రాత్రింబగళ్ళు పని చేస్తూ ఉన్నదనీ, దానికీ జబ్బు చేయవచ్చుననీ మనకు పెద్దగా పట్టదు. నిజం చెప్పాలంటే పోయిన వానాకాలం దాకా నాకూ పట్టలేదు.

నాట్లు అయిపోయినాక, కడుపులో బరువుగా ఉంటున్నదని మా నాయిన చైతన్యపురిలోని నా గదికి వచ్చినాడు. తోడుగా మా ఊరి ఆయన ఒకరు వచ్చినారు. దగ్గర్లో ఒక స్కానింగు సెంటరులో పరీక్ష చేయించాము. 'ఫ్యాటీ లివర్, గ్రేడు 2' అని రిపోర్టు వచ్చింది. కాగితం చేతిలో పెట్టిన మనిషి, "ఇక మందు తగ్గించు పెద్దాయనా" అన్నాడు. మా నాయిన జన్మలో కల్లు కూడా ముట్టినవాడు కాడు. కానీ ఆ మాట మా కంటే ముందే ఊరు చేరింది. "పైకి అట్ల కనిపిస్తడు గానీ..." అని నలుగురూ నవ్వుకున్నారట. నాయిన ఆ రిపోర్టును మడిచి బియ్యం డబ్బా కింద పెట్టి, మళ్ళీ ఏ డాక్టరు దగ్గరికీ రానని కూర్చున్నాడు.

తాగనివాడి కాలేయంలో కొవ్వు ఎందుకు చేరుతుంది? ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం కోసం లైబ్రరీలో పుస్తకాలు తిరగేస్తుంటే, మన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనే వైద్యం చదువుకున్న ఒక శాస్త్రజ్ఞుని పేరు పదే పదే ఎదురైంది. ఆయన డాక్టర్ జనార్దన్ కె. రెడ్డి. ఆయన పరిశోధన నాకు అర్థమైనంతలో మన విద్యార్థి మిత్రులకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వడ్ల కేంద్రంతో పోలిక

కాలేయం ఒక వడ్ల కొనుగోలు కేంద్రం వంటిది. అక్కడికి సరుకు వస్తుంది, అక్కడి నుండి సరుకు పోతుంది. వచ్చేదీ పోయేదీ సరిపోయినంత కాలం ఏ గొడవా లేదు. గోనె సంచులు లేకపోయినా, లారీలు రాకపోయినా కుప్పలు పెరిగిపోతాయి. ఆ మీద వాన పడితే వడ్లు మొలకెత్తుతాయి. కుప్ప కనిపించగానే "రైతులు ఎక్కువ తెచ్చినారు" అనడం తేలిక. లారీలు వచ్చినయా అని అడిగేవాడే అసలు సంగతి తెలిసినవాడు.

కాలేయానికి కొవ్వు మూడు దారుల్లో వస్తుంది. ఒంట్లోని కొవ్వు నిల్వలు కరిగి రక్తం ద్వారా రావడం ఒకటి. తిన్న నూనె, నెయ్యి, మాంసం నుండి రావడం రెండోది. అన్నం, చక్కెర వంటి పిండిపదార్థాలు అవసరానికి మించినప్పుడు కాలేయమే వాటిని కొవ్వుగా మార్చుకోవడం మూడోది. 2005లో అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయం వారు ఈ జబ్బు ఉన్న 9 మంది రోగులలో, గుర్తు పెట్టిన అణువుల సహాయంతో ఈ లెక్క తీసినారు. కాలేయంలోని కొవ్వులో సుమారు 59 శాతం ఒంట్లోని నిల్వల నుండి వచ్చినది. 26 శాతం కాలేయం తానే తయారు చేసుకున్నది. తిన్న కొవ్వు నుండి నేరుగా వచ్చినది 15 శాతమే. కాబట్టి "నేను నెయ్యి ముట్టను, నాకేం భయం" అనుకోవడానికి వీలు లేదు.

ఇక కొవ్వు పోయే దారులు ముఖ్యంగా రెండు. ప్రొటీన్లతో కలిపి మూటలు కట్టి రక్తంలోకి పంపడం ఒకటి. ఇవే మన లారీలు. అక్కడికక్కడే మండించి శక్తిగా మార్చుకోవడం రెండోది. ఈ రెండూ వెనుకబడితే కొవ్వు బిందువులుగా కణాలలో నిలిచిపోతుంది. కాలేయ కణాలలో 5 శాతానికి మించి ఇట్లా కొవ్వు నిండితే దానిని ఫ్యాటీ లివర్ అంటారు.

మందు తాగితే కాలేయంలో కొవ్వు చేరడం అబద్ధమేమీ కాదు. కాలేయం ముందు ఆల్కహాలును వదిలించుకోవాలని చూస్తుంది. ఆ పనిలో కొవ్వును మండించడం మందగిస్తుంది. కానీ పొయ్యి ఆరడానికి అదొక్కటే కారణం కాదు. రెడ్డి గారు జీవితమంతా పరిశోధించినది ఈ పొయ్యి గురించే.

ఉస్మానియా నుండి షికాగో దాకా

ఉస్మానియాలో వైద్యపట్టా పొంది, ఢిల్లీలోని ఎయిమ్స్‌లో పాథాలజీలో ఎం.డి. చేసిన రెడ్డి గారు అమెరికా వెళ్ళి, మొదట కాన్సస్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో పని చేసినారు. తరువాత షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో చేరి, అక్కడి పాథాలజీ శాఖకు అధిపతి అయినారు. కాన్సస్‌లో డోనాల్డ్ స్వబోడా అనే పాథాలజిస్టుతో కలిసి ఆయన ఎలుకల కాలేయాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసేవారు. అప్పట్లో చాలామంది అంతగా పట్టించుకోని ఒక చిన్న భాగం మీద ఆయన దృష్టి పడింది. దాని పేరు పెరాక్సిసోం.

పెరాక్సిసోం కణంలో ఉండే చిన్న గుండ్రటి సంచి. 1954లో రోడిన్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు చుంచెలుక మూత్రపిండంలో దీనిని మొదట చూచినాడు. దానిలో ఏముందో తేల్చి, దానికి ఆ పేరు పెట్టినవాడు బెల్జియం శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ డి డూవ్. ఆయనకు 1974లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ సంచిలో కొన్ని ఎంజైములు హైడ్రోజన్ పెరాక్సైడును పుట్టిస్తాయి. కెటలేజ్ అనే ఎంజైము దానిని నీరుగా, ఆక్సిజనుగా విరగ్గొడుతుంది. మన ల్యాబులో ఇది చూడని వారుండరు. మటన్ షాపు నుండి తెచ్చిన కార్జం ముక్క మీద నాలుగు చుక్కలు హైడ్రోజన్ పెరాక్సైడు వేయండి. బుసబుసమని నురుగు పొంగుతుంది. ఆ నురుగు కెటలేజ్ పనే.

1976లో లాజరో, డి డూవ్ కలిసి ఎలుక కాలేయంలోని పెరాక్సిసోములు కొవ్వు ఆమ్లాలను కూడా మండిస్తాయని కనిపెట్టినారు. అంటే కాలేయంలో కొవ్వుకు పొయ్యి ఒక్కటి కాదు, రెండు. పెద్ద పొయ్యి మైటోకాండ్రియా. అక్కడ కొవ్వు మండితే వచ్చే శక్తి ఏటీపీగా జమ అవుతుంది. చిన్న పొయ్యి పెరాక్సిసోం. మైటోకాండ్రియాకు లొంగని చాలా పొడవైన కొవ్వు గొలుసులను ఇది ముందుగా నరికి కురచ చేస్తుంది. అయితే దీని మొదటి మెట్టులోని శక్తి ఏటీపీగా జమ కాదు, వేడిగా పోతుంది. పైగా ఆ మెట్టులో హైడ్రోజన్ పెరాక్సైడు పుడుతుంది. ఆ మెట్టును నడిపే ఎంజైము పేరు ఎసైల్-కోఎ ఆక్సిడేజ్. ఈ పేరు కొంచెం గుర్తు పెట్టుకోండి.

కలుపు మందుకు చుట్టం

1960లలో రక్తంలో కొవ్వును తగ్గించడానికి క్లోఫైబ్రేట్ అనే మందు వాడుకలోకి వచ్చింది. దీనిని ఎలుకలకు ఇస్తే కాలేయం పెద్దదవుతున్నదనీ, పెరాక్సిసోముల సంఖ్య పెరుగుతున్నదనీ 1965లో తెలిసింది.

వృక్షశాస్త్రం చదివే మిత్రులకు ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. మన వరి పొలాల్లో వెడల్పాకు కలుపుకు కొట్టే టూ-ఫోర్-డి, ఈ క్లోఫైబ్రేట్ రసాయనికంగా ఒకే ఇంటివి. రెండూ క్లోరిన్ తగిలించిన ఫీనాక్సీ ఆమ్లాలే. మొక్కలలో ఆక్సిన్ హార్మోనుకు ఎదురు పని చేసే పదార్థంగా ప్రయోగశాలల్లో వాడే పీసీఐబీ, ఒంట్లోకి పోయిన క్లోఫైబ్రేట్ నుండి వచ్చే ఆమ్లం, రెండూ ఒకటే. టూ-ఫోర్-డి కూడా ఎలుకల కాలేయంలో పెరాక్సిసోములను కొంత పెంచుతుందని 1980లలో చూచినారు.

అయితే ఇదంతా ఫీనాక్సీ ఇంటి గుణమేనా? 1975లో రెడ్డి గారు, మన దేశం నుండే వెళ్ళిన టి.పి. కృష్ణకాంత అనే సహచరునితో కలిసి 'సైన్స్' పత్రికలో దీనికి జవాబు రాసినారు. క్లోఫైబ్రేటుతో నిర్మాణంలో ఏ పోలికా లేని రెండు పదార్థాలు (ఒకటి డబ్ల్యూవై-14,643, రెండోది టిబ్రిక్ ఆమ్లం) కూడా పెరాక్సిసోములను అట్లాగే పెంచుతున్నాయని చూపినారు. మరుసటి సంవత్సరం ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపే ఒక థాలేట్ రసాయనం విషయంలోనూ ఆయన బృందం ఇటువంటి మార్పులనే చూపింది. ఇట్లాంటి పదార్థాలన్నిటికీ కలిపి 'పెరాక్సిసోం ప్రొలిఫరేటర్లు' అనే పేరు ఆయన ద్వారా స్థిరపడింది.

వేర్వేరు రూపాల తాళంచెవులు ఒకే తలుపును తెరుస్తున్నాయంటే లోపల ఒకే తాళం ఉండాలి కదా! 1983లో రెడ్డి గారి బృందం కాలేయ కణంలో ఇట్లాంటి మందును పట్టుకునే ఒక ప్రొటీన్ ఉన్నదని చూపింది. 1990లో ఇంగ్లండులో ఐసీఐ కంపెనీ శాస్త్రజ్ఞులు ఇసెమన్, గ్రీన్ ఆ తాళపు జన్యువును పట్టుకున్నారు. దానికి పెట్టిన పేరులో రెడ్డి గారి మాట అట్లాగే ఉండిపోయింది: 'పెరాక్సిసోం ప్రొలిఫరేటర్ యాక్టివేటెడ్ రిసెప్టర్', పొట్టిగా పీపార్. కాలేయంలో ముఖ్యమైనది పీపార్-ఆల్ఫా. కొవ్వు ఆమ్లాలు వచ్చి తగిలితే ఇది మేల్కొని, వాటిని మండించే ఎంజైముల జన్యువులన్నిటినీ పనిలోకి దింపుతుంది. కాలేయం తన కుప్పను తానే కొలుచుకుంటుందన్నమాట.

ఎలుకల సాక్ష్యం

పొయ్యి పెద్దది చేస్తే మంచిదే కదా అని మనకు అనిపిస్తుంది. 1980లో రెడ్డి గారు, అజర్నాఫ్, హిగ్నైట్ 'నేచర్' పత్రికలో రాసిన వ్యాసం అక్కడ ఎర్రజెండా ఊపింది. ఈ పదార్థాలను దీర్ఘకాలం తిన్న ఎలుకలకు, చుంచెలుకలకు కాలేయ క్యాన్సరు వస్తున్నది. చిత్రమేమంటే ఇవి నేరుగా డీఎన్ఏను గాయపరిచే రకం కావు. మరి క్యాన్సరు ఎట్లా? పెరాక్సైడును పుట్టించే ఆక్సిడేజ్ అనేక రెట్లు పెరుగుతుంది, దానిని ఆర్పే కెటలేజ్ మాత్రం సుమారు రెండింతలే పెరుగుతుంది. పొయ్యి పెరిగింది, పొగగొట్టం పెరగలేదు. ఆ పొగే కణాన్ని చెరుస్తున్నదని ఆయన ప్రతిపాదించినారు.

తరువాతి ప్రయోగాలు నాకు మరీ ఆశ్చర్యం కలిగించినవి. 1996లో ఆయన బృందం ఎసైల్-కోఎ ఆక్సిడేజ్ జన్యువును తీసివేసిన చుంచెలుకలను పరీక్షించింది. చిన్న పొయ్యి ఆరిపోయింది కాబట్టి కాలేయంలో కొవ్వు చేరింది, వాపు వచ్చింది. ఇది ఊహించదగినదే. కానీ 1998 నాటికి మరో సంగతి తేలింది. ఆ ఎంజైము మండించవలసిన పదార్థాలు మండక మిగిలిపోయి, పీపార్-ఆల్ఫాను నిరంతరం తట్టి లేపుతున్నాయి. ఆ ఎలుకలకు మందు ఏదీ ఇవ్వకుండానే పెరాక్సిసోములు పెరిగినవి, చివరకు కాలేయంలో కణితులు కూడా వచ్చినవి. అంటే ఆ ఎంజైము కొవ్వును మండించడమే కాదు, "పని అయింది, ఇక చాలు" అని గంట ఆపే పని కూడా చేస్తున్నదన్నమాట.

ఇంకొక ప్రయోగం మా నాయిన విషయానికి దగ్గరిది. పీపార్-ఆల్ఫా లేని చుంచెలుకలను కొద్ది కాలం పస్తు ఉంచినారు. పస్తు ఉన్నప్పుడు ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయానికి వస్తుంది. మామూలు ఎలుక దానిని మండించుకుని బ్రతుకుతుంది. పీపార్-ఆల్ఫా లేని ఎలుక కాలేయం మాత్రం కొవ్వుతో నిండిపోయింది. 2000 సంవత్సరంలో హాషిమోటో, రెడ్డి మొదలైనవారు ప్రకటించిన వ్యాసం చెప్పేది ఇదే: పస్తులో కాలేయానికి ఎంత కొవ్వు పడుతుందో నిర్ణయించేది మండించే శక్తిలోని లోపం.

ఒక్కసారి ఆలోచించండి. ఆ ఎలుక తాగలేదు. అతిగా తినలేదు. అసలు తిననే లేదు! అయినా దానికి ఫ్యాటీ లివర్ వచ్చింది. ఇక ఆ కాలేయాన్ని చూచి దాని నడత మీద తీర్పు చెప్పగలమా?

ఎలుక వేరు, మనిషి వేరు

సైన్సు విద్యార్థులం కాబట్టి ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఎలుకలో జరిగినదంతా మనిషిలో జరగదు. మన కాలేయంలో పీపార్-ఆల్ఫా తక్కువ. ఫైబ్రేట్ మందులు మనుషులలో పెరాక్సిసోములను అట్లా పెంచవు. 2004లో గొంజాలెజ్ బృందం ఎలుక పీపార్ స్థానంలో మనిషి పీపార్‌ను పెట్టి చూచింది. కొవ్వును మండించే జన్యువులు మేల్కొన్నవి గానీ, కాలేయ కణాలు విపరీతంగా పెరగలేదు. ఫినోఫైబ్రేట్ ఈనాటికీ వాడుకలో ఉన్నది. పీపార్-ఆల్ఫాను, దాని తోబుట్టువు పీపార్-గామాను రెంటినీ తట్టే సరోగ్లిటజార్ అనే మన దేశపు మందుకు, ఫ్యాటీ లివర్ ముదిరి వాపుగా మారిన దశలో వాడడానికి 2020లో అనుమతి ఇచ్చినారు. ఇవన్నీ డాక్టరు రాస్తేనే మింగవలసినవి.

పేరులోనే ఉన్న పేచీ

1980లోనే, అంటే రెడ్డి గారి 'నేచర్' వ్యాసం వచ్చిన సంవత్సరమే, అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన లుడ్విగ్ 20 మంది రోగుల గురించి రాసినాడు. వారి కాలేయాలు తాగుబోతుల కాలేయాలలాగే ఉన్నాయి, వారు తాగేవారు కారు. ఆ జబ్బుకు 'నాన్ ఆల్కహాలిక్' అనే పేరు పెట్టినారు. పేరులో 'కాదు' ఉన్నా జనానికి వినిపించినది ఆల్కహాలే! 2023లో అంతర్జాతీయ వైద్య సంఘాలు ఆ పేరు మార్చి, జీవక్రియ లోపంతో వచ్చే కొవ్వు కాలేయపు జబ్బు అనే అర్థం వచ్చే పేరు పెట్టినవి. షుగరు, పొట్ట చుట్టుకొలత, బి.పి., రక్తంలో కొవ్వు – ఇవీ ఇప్పుడు చూడవలసినవి. నలభై మూడు సంవత్సరాలు పట్టింది ఈ ఒక్క మాట మారడానికి.

మన నగరంలో ఈ జబ్బు ఎంత ఉన్నదో 2025లో వచ్చిన ఒక అధ్యయనం చెబుతుంది. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ ఆసుపత్రి శాస్త్రజ్ఞులు 345 మంది ఐ.టి. ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు కనిపించింది. కూర్చుని చేసే పని, రాత్రి మేలుకోవడం, వేళ తప్పిన తిండి వీరిలో ఎక్కువ. ఈ లెక్క అందరికీ వర్తించదు గానీ, చైతన్యపురి గదుల్లో అర్ధరాత్రి దాకా కుర్చీకి అతుక్కుపోయి పోటీ పరీక్షలకు చదివే మనకు ఆలోచించవలసిన విషయమే. మా నాయిన మాత్రం రైతు కదా అంటారేమో! దున్నేది ట్రాక్టరు, కోసేది హార్వెస్టరు. మూడు పూటలా అన్నం మాత్రం నాగలి కాలం నాటిదే. ఆయన కాళ్ళు సన్నం, పొట్ట ముందుకు. మనవాళ్ళలో సన్నగా కనిపించేవారికీ ఈ జబ్బు వస్తుంది. అందుకే మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు నడుము కొలత దాటితే జాగ్రత్త పడమంటారు.

ఏం చేయాలి?

ఇది చాలామందిలో వెనక్కి మళ్ళే జబ్బు. బరువు 5 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది. 7 నుండి 10 శాతం తగ్గితే వాపు కూడా నయమయ్యే అవకాశం ఉన్నది. 70 కిలోల మనిషికి ఇది ఐదు నుండి ఏడు కిలోలు. దీనికి పస్తులు పనికి రావు. అన్నం కొంత తగ్గించి పప్పు, కూర పెంచడం, తీపి చాయలు, కూల్‌డ్రింకులు మానడం, రోజూ చెమట పట్టేట్టు నడవడం మేలు. భయపడవలసినది కొవ్వుకు కాదు, కాలేయం గట్టిపడడానికి. అది మొదలైందా లేదా అని వయసు, ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనే రెండు ఎంజైములు, ప్లేట్‌లెట్ల సంఖ్య – ఈ నాలుగింటితో డాక్టరు ఒక లెక్క వేసి ముందుగా అంచనా కట్టగలడు. దానికి మామూలు రక్తపరీక్ష చాలు. కానీ పరువు పోతుందని ఇంట్లో కూర్చున్నవాడికి ఆ లెక్క ఎవరు వేస్తారు?

ఈ వ్యాసం చిత్తు ప్రతిని దసరా సెలవుల్లో మొదట చదివి వినిపించినది మా నాయినకే. పెరాక్సిసోముల దగ్గర ఒకసారి ఆవులించినాడు. పస్తు ఉన్న ఎలుక సంగతి మాత్రం రెండుసార్లు చెప్పించుకున్నాడు. "అంటే లారీలు రాక వడ్లు మొలకలొచ్చినట్టు. రైతు తప్పేం లేదు" అన్నాడు. కాసేపాగి, ఆ రక్తపరీక్షకు పరగడుపున రావాల్నా, తిని రావాల్నా అని అడిగినాడు. మరుసటి వారమే బస్సెక్కి వచ్చినాడు. లెక్కలో గట్టిపడిన జాడ లేదని డాక్టరు చెప్పినారు. ఇప్పుడు పొద్దున్నే కాలువ గట్టు మీద నడుస్తున్నాడు.

మిత్రులారా, మన ఇండ్లలో, మన వాడల్లో ఇట్లాంటి రిపోర్టు ఎవరి చేతికైనా వస్తే, ముందుగా "తాగుతాడా?" అని అడగకండి. షుగరు ఉన్నదా, నడుము కొలత ఎంత, రక్తపరీక్ష అయిందా అని అడగండి. తాగేవారైతే ఆ సంగతి డాక్టరు ముందు దాచకుండా చెప్పే ధైర్యం ఇవ్వండి. మన విశ్వవిద్యాలయంలోనే చదువుకున్న ఒక పెద్దాయన ఇన్నేండ్లు ఎలుకల కాలేయాలు చూచి నేర్పిన లెక్కలో, మన ఊరిదాకా చేరవలసిన పాఠం ఇది.